తోరణం లేని పోస్టరు

దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఇంకాస్త లోతుకి ఎలా తొయ్యాలో తెలుసుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే నన్ను అడగండి. ఆ పనిని నేను ఒక ఆదివారం మ్యాట్నీలో, బాల్కనీ టికెట్లు కొని, బంధువులందరినీ వరసగా కూర్చోబెట్టి, చేతికి పాప్‌కార్న్ పొట్లాలిచ్చి మరీ పూర్తిచేశాను. ఆ రోజు మా ఊరు చోడవరంలో ఆ హాల్లో ఉన్నవాళ్ళు ఇప్పటికీ నేను రోడ్డు మీద ఎదురైతే పలకరించరు. ఓదారుస్తారు.

అప్పటికి మా నాన్న పోయి నెల కాలేదు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన మనిషి. నేను అనకాపల్లిలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను, మిగతా వేళల్లో పుస్తకాలు చదువుతాను. ఆడంబరం నాకు పడదు. నిజమైన దుఃఖం నిశ్శబ్దంగా ఉంటుందని ఎక్కడో చదివాను. చదివినదాన్ని నమ్మాను. నమ్మి ఊరుకుంటే బాగుండేది, అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. పెద్దకర్మకి వేయించిన ఫ్లెక్సీ దగ్గరే ఈ విషయంలో మా మేనమామకీ నాకూ మొదటి యుద్ధం జరిగింది.

మా మేనమామ సన్నిబాబు వడ్డాదిలో బెల్లం వ్యాపారి. మంచి మనిషి, కాకపోతే ఆ మంచితనానికి గొంతు ఎక్కువ.

"పావురాలు వద్దు మావయ్యా. నాన్న ఫొటో, కింద పేరు, అంతే చాలు," అన్నాను.

"పావురాలు నేకపోతే ఆయన పోనాడని ఎవుడికి తెలస్తదిరా? ఓట్లకి నిలబడ్డాడనుకుంటారు."

మావయ్యే గెలిచాడు. పావురాలకీ తామరపువ్వులకీ ఒక సూర్యాస్తమయానికీ మధ్య ఇరుక్కుని, మా నాన్న గాలికి చిరిగిపోయేదాకా చోడవరం జంక్షన్ని చూస్తూ ఉండిపోయాడు.

ఫ్లెక్సీ సంగతి అలా ఉంచండి. అసలు దిగులు మా అమ్మ గురించి.

మా అమ్మ వంకలు పెట్టే మనిషి. నాన్న తెచ్చిన ప్రతి కూరలోనూ, కట్టిన ప్రతి పంచెలోనూ, చెప్పిన ప్రతి కబురులోనూ ఆమెకి ఒక లోపం కనిపించేది. నాన్నకి అది వినకపోతే తోచేది కాదు. బజారులో మంచి బెండకాయలు పక్కకి పెట్టి ముదురువి ఏరుకునేవాడని నా అనుమానం. అలాంటి అమ్మ, నాన్న పోయిన రోజు నుంచి వంకలు పెట్టడం మానేసింది. ఏడవలేదు కూడా. ఏదడిగినా "ఊ" అనేది. పెట్టింది తినేది, చూపించిన చోట కూర్చునేది.

చీడికాడ అత్త, అంటే నాన్నకి అక్క, ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉండి వంట చూసుకునేది. ఒకరోజు వంకాయ పులుసులో ఉప్పు లేదు. మేమంతా కంచాల ముందు ఊపిరి బిగబట్టుకుని అమ్మ వైపు చూశాం. అమ్మ కలుపుకుంది, తింది, కంచం కడిగి బోర్లించింది. అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఉప్పు నాను కావాలనే ఎయ్యనేదురా. ఒక్క మాటైనా అంటాదేమోనని సూసేను," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇలగే ఉంటే మడిసి మనకి దక్కదు బాబూ."

అప్పుడు మావయ్య తమ ఇంటి ఆనవాయితీని బయటికి తీశాడు.

భర్త పోయిన మనిషిని పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయించడం చాలామందికి ఉన్నదే. మా అమ్మ పుట్టింటివాళ్ళకి దాని మీద ఇంకో అంకం ఉంది. నిద్ర చేసిన మర్నాడు ఆమెకి సినిమా చూపించి, ఆ తర్వాతే ఇంటి దగ్గర దింపాలి. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. మా పురోహితుణ్ణి అడిగితే, "మంచిదే బాబూ," అని సంచి సర్దుకుని లేచిపోయాడు. మావయ్య మాత్రం వేదం చెప్పినట్టు చెప్పాడు.

"మా అమ్మమ్మకి టూరింగు టాకీసులో సూపించేరు. మా అమ్మకి మా మేనమామ సూపించేడు. మా అప్పకి, అదే మీ అమ్మకి, నాను సూపించాల. దీనికి రెండు పద్ధతులున్నాయి. నవ్వుల బొమ్మ అవ్వాల, ఏడుపు ముక్క ఉండకూడదు. కూకున్నాక ఆకరిదాకా లేవకూడదు. మజ్జిలో లేచొచ్చేత్తే దుఃఖం మన ఎనకాలే ఇంటికొచ్చేత్తాది."

"ఏ సినిమా మావయ్యా?"

"అది నువ్వు సూసి సెప్పాల. సదువుకున్నోడివి కాదేటి."

ఆ మాట దగ్గరే నేను తప్పించుకోవలసింది. కానీ చదువుకున్నవాణ్ణి ఎవరైనా చదువుకున్నవాడా అని పిలిస్తే, వాడు గోతిలోకైనా గౌరవంగా దిగుతాడు.

ఆ వారం ఊళ్ళో రెండు సినిమాలు ఆడుతున్నాయి. ఒకదాంట్లో హీరో తుమ్మితే జీపులు గాలిలోకి లేస్తున్నాయని, జనం పగలబడి నవ్వుతున్నారని మా కాలేజీ పిల్లలు చెప్పారు. తండ్రి పోయిన నెలలో, గుండుతో, నేను ఎగిరే జీపులను చూడలేననుకున్నాను. రెండోది కుటుంబ కథ. దాని మీద ఒక సమీక్ష చదివాను.

చదివానన్నానా? పూర్తి నిజం చెబుతాను. కథ ముందే తెలిసిపోతుందని నేను ఏ సమీక్షనూ మొదటి పేరా దాటి చదవను. అది నా నియమం. అభిరుచి గలవాళ్ళకి ఇలాంటి నియమాలు కొన్ని ఉంటాయి. అవి సాధారణంగా వాళ్ళ బంధువుల ప్రాణం మీదికి వస్తాయి.

మొదటి పేరాలో ఉన్నది ఇది: తలో ఊళ్ళో స్థిరపడ్డ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ చాలాకాలానికి పుట్టిన ఇంట్లో కలుస్తారు. చిన్ననాటి తగాదాలు మళ్ళీ మొదలవుతాయి. ఉన్న ఒక్క బాత్రూం ముందు అందరూ తువ్వాళ్ళు భుజాన వేసుకుని బారులు తీరతారు. ఇల్లంతా ఒకటే సందడి.

ఇంకేం కావాలి అనుకున్నాను. కుటుంబం ఉంది, నవ్వు ఉంది, జీపులు లేవు.

వాళ్ళంతా ఎందుకు కలిశారన్నది రెండో పేరాలో ఉంది.

పోస్టరు కూడా ఫోన్లో చూశాను. పెద్ద వసారాలో ఇంటిల్లిపాదీ బంతి కూర్చుని అరిటాకుల్లో భోంచేస్తున్నారు. ఒకాయన వంగి వడ్డిస్తున్నాడు. ఒకమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. పెళ్ళి భోజనాలనుకున్నాను. మీరైతే ఏమనుకునేవారు? పెళ్ళే అనుకునేవారైతే దయచేసి మీ ఇంట్లోవాళ్ళకి మీరు టికెట్లు కొనకండి.

ఆదివారం మధ్యాహ్నం వడ్డాది నుంచి మావయ్య బెల్లం వ్యానులో బయల్దేరాం. ముందు సీట్లో అమ్మ, వెనక దిమ్మెలుండే చోట మేమూ మిగతా బంధువులూ. హాలు దగ్గర దిగేసరికి మా చుట్టూ ఈగలు ముసురుకున్నాయి. అవి లోపలిదాకా మాతో వచ్చాయి. వాటికి టికెట్లు కొనలేదు.

గేటు దగ్గర నిలువెత్తు పోస్టరు ఉంది. చీడికాడ అత్త దాని ముందు ఆగి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ ఇది, పెళ్ళేనా?"

"పెళ్ళే అత్తా."

"మరి గుమ్మానికి తోరణం నేదేటి?"

"కట్టడం మరిచిపోయి ఉంటారు."

"పెళ్ళికూతురేది?"

"లోపల ముస్తాబవుతూ ఉంటుంది."

"గారెలేసేరు. బూరి ఒక్కటీ ఎయ్యనేదు. బూరి నేకుండా పెళ్ళేట్రా?"

"అత్తా, ఇది సినిమా. సినిమావాళ్ళకి బూరెల సంగతి ఏం తెలుస్తుంది?" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా నవ్వుతూ. నేను చరిత్ర మేష్టార్ని. కళ్ళ ముందున్న ఆధారాలను చదవడం పిల్లలకి నేర్పడం నా ఉద్యోగం.

అమ్మ కూడా పోస్టరు ముందు ఆగింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఊ" అంది.

బాల్కనీలో అమ్మని నడుమ కూర్చోబెట్టాం. ఆమెకి ఒకవైపు మావయ్య, ఇంకోవైపు నేను, నా పక్కన చీడికాడ అత్త, అటూ ఇటూ తక్కినవాళ్ళు. నేను కూర్చున్నది ఎప్పుడూ నాన్న కూర్చునే వైపు. ఆయన సినిమాలు చూసేవాడు కాదు, సినిమాల్లో నిద్రపోయేవాడు. లైట్లతో పాటే ఆయన కళ్ళూ ఆరిపోయేవి. ఇంటికి నడిచి వచ్చే దారిలో అమ్మ ఆయనకి కథంతా చెప్పేది. వంకలతో సహా చెప్పేది కాబట్టి సినిమా కన్నా అదే బాగుంటుందనేవాడు. జీవితమంతా ఆయన సినిమాలను చెవులతో చూశాడు.

బొమ్మ పడింది. పేరు చెప్పను, తీసినవాళ్ళ తప్పేమీ లేదు. చాలా హాయిగా మొదలైంది. బస్సులు దిగేవాళ్ళు, ఆటోలో ఇరుక్కుని సూట్‌కేసు కోసం పోట్లాడుకునేవాళ్ళు, ఆ తర్వాత బాత్రూం ముందు తువ్వాళ్ళ వరస. హాలంతా నవ్వింది. మావయ్య అమ్మ వెనక నుంచి చెయ్యి చాచి నా గుండు మీద మెచ్చుకోలుగా తట్టాడు.

"బాగా పట్టేవురా బొమ్మ."

ఆ చెయ్యి ఇంకా నా గుండు మీదే ఉంది. తెర మీద ఒక తలుపు తెరుచుకుంది. లోపల గదిలో ఆ ఇంటి పెద్దాయన చాప మీద, తెల్లటి దుప్పటి కప్పుకుని, వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

చెయ్యి గుండు మీంచి మెల్లగా లేచింది.

"ఒరే."

"చెప్పు మావయ్యా."

"ఆయనకి జొరమేటిరా?"

"కాదు మావయ్యా."

"నిద్రోతన్నాడేటి?"

"కాదనుకుంటాను."

"తలకాడ దీపం ఎట్టేరు."

"అవును."

"నవ్వుల బొమ్మని సెప్పేవు."

"మొదటి పేరాలో అలాగే ఉంది మావయ్యా."

"ఏటా పేరా?"

"లేచి వెళ్ళిపోదామా?" అన్నాను.

"ఎలగెల్తాం? కూకున్నాక లేవకూడదని సెప్పనేదేటి? అది ఎనకాలే వచ్చేత్తాది."

రెండు నియమాల్లో మొదటిది అప్పుడే కన్నుమూసింది. రెండోది మాత్రం నిక్షేపంగా ఉంది. నేను భయపడుతూ అమ్మ వైపు చూశాను. తెర వెలుగు ఆమె ముఖం మీద పడి పోతోంది. ముఖంలో ఏ మార్పూ లేదు. నేను ఏం చేశానో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. మనిషిని ఆ గదిలోంచి బయటికి తీసుకురావాలని, టికెట్టు కొని మళ్ళీ ఆ గదిలోనే కూర్చోబెట్టాను.

కాసేపటికి తెర మీద పెద్దకొడుకు చితికి నిప్పు పెట్టాడు. హీరో అతనే. నుదుటి మీద పడే జుత్తుని వెనక్కి తోసుకుంటూ పెట్టాడు. మా వరసలో గొణుగుడు మొదలైంది.

"తలకొరివి ఎట్టినోడికి ఆ కటింగేటి?"

"గుండంటే ఈరోయిన్ ఒప్పుకోదు గావాల."

"మనోడి గుండు సూడు, ఎంత పద్ధతిగా ఉందో."

వరసంతా ముందుకి వంగి నా వైపు చూసింది. బంధువులు నన్ను ఒక హీరో కన్నా ఎక్కువగా చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఫ్లెక్సీ కూడా ఎయ్యనేదు," అన్నాడు మావయ్య. "ఆ ఇంట్లో కూడా నీలాటోడు ఒకడున్నట్టున్నాడు."

అప్పుడు నా పక్కన చీడికాడ అత్త గొంతు సవరించుకుంది. ఈ అత్త గురించి మీకు ఇంకో సంగతి చెప్పాలి. శోకం తీయడంలో మా వైపు ఆమెకి సాటి లేదు. పోయినవాళ్ళ పేరు, గుణం, ఇష్టమైన కూర అన్నీ కలిపి రాగం కట్టి ఏడుస్తుంది. బయటి ఊళ్ళ నుంచి కూడా కబురు పెట్టి పిలిపించుకుంటారు.

"అత్తా, వద్దు. ఇది సినిమా," అన్నాను.

"ఆ ముక్కు సూడరా. అచ్చం మా తమ్ముడి ముక్కే." ఆపైన ఆగలేదు. "ఓ నాయనో, బంగారం లాటి మడిసివి, ఇంతమందినీ ఒగ్గీసి ఎల్పోనావా నాయనా..." ఉన్నట్టుండి ఆపి నా వైపు తిరిగింది. "ఆయన పేరేట్రా?"

"రాఘవయ్య అనుకుంటాను."

"ఓ రాగవయ్యో..."

కింద నేల క్లాసులోంచి ఎవరో ఒకావిడ అందుకుంది. ఇంకో మూల నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. హాలు మనిషి టార్చిలైటు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, కొంచెం నెమ్మదిగా. కిందోళ్ళకి బొమ్మ ఇనపడనేదంట."

"దుఃఖంలో ఉన్నోళ్ళం బాబూ," అన్నాడు మావయ్య.

అతను టార్చి వరస మీదుగా తిప్పాడు. వెలుగు నా గుండు మీద ఆగింది. అతను టార్చి ఆర్పేసి, కాసేపు తల వంచుకుని నిలబడి, వచ్చిన దారినే దిగి వెళ్ళిపోయాడు.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. బాల్కనీలో ఎర్రటి కళ్ళతో ఒక వరస, మధ్యలో బొట్టు లేని మనిషి, పక్కన గుండు. చోడవరం పెద్ద ఊరేమీ కాదు. నాన్నని ఎరిగినవాళ్ళు ఆ హాల్లో చాలామందే ఉన్నారు, అప్పటిదాకా పరామర్శకి రాలేకపోయినవాళ్ళు కూడా ఉన్నారు. మొదట వచ్చింది ఫ్యాక్టరీలో నాన్నతో పనిచేసిన పరదేశి గారు. చేతిలో సమోసాల పొట్లం ఉంది.

"ఇంటికొద్దామనే అనుకుంటన్నాను సెల్లెమ్మా," అన్నాడు అమ్మతో. "ఇలగ ఇక్కడ కలుస్తామనుకోనేదు." ఆ తర్వాత సమోసాలతో ఏం చేయాలో తెలియక నా చేతిలో పెట్టాడు.

ఆయన వెనకే ఇంకొకరు, వారి వెనక మరొకరు. పరామర్శకి వచ్చినవాళ్ళు పోయేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు కదా. అందుకని ఒక్కొక్కరూ వచ్చి, అమ్మ ఎదట నిలబడి, నిట్టూర్చి, ఏమీ చెప్పకుండా పాప్‌కార్న్ మిషను వైపు నడిచిపోయారు. అమ్మ అందరికీ "ఊ" అంది.

మావయ్య నన్ను బయట కుళాయి దగ్గరికి లాక్కుపోయాడు. తిడతాడనుకుని గుండు ముందుకి వంచి నిలబడ్డాను. తిట్టలేదు.

"మా అమ్మ పోనాక నన్ను పెంచింది అప్పేరా," అన్నాడు. మొట్టమొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "సూడు ఈ సొక్కా. ఇంత బెల్లం మరక. పొద్దున్న కావాలనే తొడుక్కున్నాను. ఇలగొస్తే అప్ప నన్ను గుమ్మంలోనే నిలబెట్టీసేది. ఇయ్యాల సూడనే నేదు. దానికేటైనా అయితే నాకెవురున్నారు?"

నా దగ్గర చదివిన వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. ఆయనకి ఒక సమోసా ఇచ్చాను.

ఇంటర్వెల్ తర్వాత కథ వెనక్కి, ఆయన పోయిన రోజుకి వెళ్ళింది. గదిలో శవం, పక్కన భార్య, ఇంకెవరూ లేరు. కెమెరా కదలదు. సంగీతం లేదు, మాట లేదు. అలా చాలాసేపు ఉంచారు. ఈ దృశ్యంలో కళ మరణం ముందు మౌనం పాటించిందని ఆ సమీక్ష ఆఖరి పేరాలో ఉంది. తర్వాత చదివాను. నిజంగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. మా ఈగల చప్పుడు కూడా వినిపించింది. నా పక్కన అత్త కింది శ్రుతిలో మెల్లగా ఎత్తుకుంది.

"ఒదినా, ఆగు."

ఆ మాట అన్నది అమ్మ. అత్త నోరు తెరుచుకుని అలాగే ఆగిపోయింది.

"ఆయన సచ్చిపోనేదు," అంది అమ్మ మామూలు గొంతుతో. ఆ నిశ్శబ్దంలో మామూలు గొంతు హాలంతటికీ వినిపించింది.

"ఏటప్పా?" అన్నాడు మావయ్య.

"పొట్ట సూడు. కదుల్తంది."

బాల్కనీ అంతా తెర మీది పొట్ట వైపు చూసింది. తెల్ల దుప్పటి కింద, నెమ్మదిగా, పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. పాపం, ఆ నటుడు ఊపిరి బిగబట్టగలిగినంతసేపు బిగబట్టే ఉంటాడు. ఆ దర్శకుడు కాస్త సంగీతం పెట్టినా, కెమెరా కాస్త అటూ ఇటూ తిప్పినా ఎవరూ గమనించేవారు కాదు. ఆడంబరం వద్దనుకున్నందుకు దొరికిపోయాడు. ఆ క్షణంలో పావురాల మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

"అవున్రోయ్, గాలి పీలస్తన్నాడు," అని కింద నుంచి ఎవరో అన్నారు.

"ఆ దుప్పటి తీయండర్రా, మడిసికి ఉక్కపోస్తది."

"మరింతసేపు నన్నెందుకు ఏడిపించేవురా సచ్చినోడా," అంది చీడికాడ అత్త రాఘవయ్యతో.

నవ్వు కింది నుంచి మొదలై మెట్లెక్కి బాల్కనీలోకి వచ్చింది. మావయ్యకి నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అంత దుఃఖభరితమైన దృశ్యానికి అంత నవ్వు ఆ సినిమా ఆడిన ఏ ఊళ్ళోనూ పడి ఉండదు.

అమ్మ మాత్రం నవ్వలేదు. తెర వైపే చూస్తూ, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"మీ నాన్నది కూడా కదుల్తాదేమోనని సూస్తానే ఉన్నానురా, ఎత్తేదాకా. అందరూ నన్ను ఏడవమన్నారు. ఏడిస్తే కళ్ళకి నీళ్ళు అడ్డం కదా. ఆ టయానికి కదిలితే ఎలగ సూస్తాను?"

కాస్త ఆగింది.

"ఒక్కపాలీ కదల్నేదు."

నిజమైన దుఃఖం నిశ్శబ్దంగా ఉంటుందని రాసిన పెద్దమనిషి ఎవరో నాకిప్పుడు గుర్తు లేదు. గుర్తుంటే ఆయన్ని చోడవరం తీసుకొచ్చి, ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు వినిపించేవాణ్ణి. నాన్న పోయిన దగ్గర్నుంచి హుందాగా దాచుకున్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. బెల్లం వ్యాను ఎత్తెక్కలేక మూలిగినట్టు మూలిగాను. చీడికాడ అత్త పక్కకి తిరిగి, పనివాడు పనివాణ్ణి చూసినట్టు నన్ను గౌరవంగా చూసింది. హాలంతా నవ్వుతోంది, నేనొక్కణ్ణే ఏడుస్తున్నాను. వెనక సీటాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో బాబూ. ఆయన బతికే ఉన్నాడని తేలిపోనాది కదా."

అమ్మ నా వైపు తిరిగింది.

"ఏట్రా ఆ ఏడుపు, దూడ అరిసినట్టు. ముక్కు తుడుసుకో. ఆ గుండు కిందికొంచు, ఎనకాలోళ్ళకి బొమ్మ అగుపడదు."

నేను ఏడుపు మధ్యలో ఆగిపోయాను. మావయ్య ఎక్కిళ్ళు కూడా ఆగాయి. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అమ్మ ఇప్పుడు అటు తిరిగింది.

"ఒరే సన్నిబాబూ, సొక్కాకి ఆ మరకేటి? పొద్దున్న నుంచి సూస్తన్నాను, సిగ్గు నేదేటి?"

"బెల్లం మరకప్పా," అన్నాడు మావయ్య. అని, ఆ మరక మీదికే తల వంచుకుని భోరుమన్నాడు.

"ఒదినా, మొన్న పులుసులో ఉప్పు నేదు."

"నేదమ్మా, నేదు," అంది అత్త ఏడుస్తూ. "ఎయ్యనేదు తల్లీ."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మమ్మల్ని చూసి వచ్చిన నవ్వు వల్లనో మరి దేనివల్లనో నాకు తెలియదు. నా కళ్ళకి నీళ్ళు అడ్డం.

నియమం ప్రకారం ఆఖరి అక్షరం పడేదాకా ఎవరమూ లేవలేదు. బయటికి వచ్చాక మావయ్య చిక్కులో పడ్డాడు. ఆనవాయితీ జరిగినట్టా, జరగనట్టా?

"అప్పకి దుఃఖం దిగింది," అన్నాడు మావయ్య ముక్కు చీదుకుంటూ. "మనకెక్కింది. ఇప్పుడు మనకి బొమ్మెవుడు సూపిత్తాడు?"

ఇంటికి వెళ్ళేటప్పుడు అమ్మ నన్ను వ్యాను ముందు సీట్లో పక్కన కూర్చోమంది. రెండో సగమంతా ఏడ్చానే తప్ప ఏమీ చూడలేదు కదా, కథ చెబుతానంది. మొదలుపెట్టింది. పెద్దకోడలు చీరకి కుచ్చిళ్ళు కుదరలేదు. శవం ఇంట్లో ఉండగా ఎవరో పొయ్యి వెలిగించారు. ఆ వంకాయలు ముదురువి. ఇల్లు అమ్మడం గురించి అన్నదమ్ములు వాదించుకున్న పద్ధతి బాగులేదు.

"చివరికి ఇల్లు అమ్మేశారా?" అని అడిగాను.

"అమ్మనేదు. అమ్మీస్తే బాగున్ను. పైకప్పు ఎలగ కారిపోతందో సూడనేదేటి."

నేను కళ్ళు మూసుకున్నాను.

"నిద్రోతన్నావేటి?"

"లేదమ్మా, వింటున్నాను."

నాన్న కూడా ఎప్పుడూ అదే జవాబు చెప్పేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత అమ్మ మళ్ళీ అందుకుంది, చిన్నకోడలి జడ దగ్గర్నుంచి.

మరుసటి ఆదివారం మావయ్యే టికెట్లు కొన్నాడు. జీపులు ఎగిరాయి. ఇంత చెప్పాక దాచడం ఎందుకు, చాలా బాగుంది.

ఇప్పుడు మళ్ళీ జుత్తు మొలిచిన ఈ తల మీద చెయ్యి పెట్టుకుని మీ అందరి ఎదటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సమీక్షనైనా రెండో పేరా చదవందే టికెట్టు కొనను. పోస్టరులో ఎవరు బంతి కూర్చున్నా ముందు గుమ్మానికి తోరణం వెతుకుతాను, తర్వాత ఆకులో బూరె వెతుకుతాను. దుఃఖంలో ఉన్న బంధువులను, ఎంత గొప్పదైనా సరే, నిశ్శబ్దంగా ఉండే సినిమాకి తీసుకెళ్ళను.

ఇంతవరకు రాసి అమ్మకి చదివి వినిపించాను. పరదేశి గారు తెచ్చినవి సమోసాలు కావు, పప్పుచెక్కలు అంది. బెల్లం వ్యాను మూలుగు ఎక్కువ చేసి రాశానంది. ఆపైన,

"ఆ పోస్టరు సూడగానే నాకు తెలిసిపోనాది, అది పెద్దకర్మ బోజనమని," అంది.

"మరి అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"'ఊ' అన్నాను కదరా."

కాబట్టి ప్రమాణంలో ఇంకొక్క వాక్యం చేరుస్తున్నాను. అమ్మ "ఊ" అంటే, ఇకమీదట అక్కడే ఆగి, ఏమిటని అడుగుతాను.